అంటార్కిటికాకు మనకు సొంత ఐస్‌బ్రేకర్ (మంచు విరిచే ఓడ) కావాలా, అద్దె ఓడ చాలదా?

తీరవాసి:
1981 డిసెంబరులో మన మొదటి బృందం గోవా నుంచి బయలుదేరింది నార్వే నుంచి అద్దెకు తెచ్చిన ఓడలో. ఈరోజు అక్కడ మైత్రి, భారతి పరిశోధన కేంద్రాలు మనవి. వాటికి డీజిలూ తిండీ మోసే ఓడ మాత్రం ఇంకా అద్దెదే. 2014లో కేంద్ర కేబినెట్ సొంత ఓడకు 1,051 కోట్లు ఆమోదించింది, ఓడ రాలేదు. 2025 జూన్‌లో కోల్‌కతా గార్డెన్ రీచ్ షిప్‌యార్డు అలాంటి ఓడ కట్టడానికి నార్వే కంపెనీ కాంగ్స్‌బర్గ్‌తో అవగాహన ఒప్పందం చేసుకుంది. ఈసారైనా కట్టి తీరాలంటాను.

లెక్కలమాస్టారు:
నేను వద్దంటాను. ఓడకు అక్కడ పని ఉండేది నవంబరు నుంచి మార్చి దాకా. మిగతా నెలలు ఓడ రేవులో ఉన్నా జీతాలు ఆగవు. పైగా 2013 డిసెంబరులో రష్యా ఓడ అకడమిక్ షొకాల్‌స్కీ మంచులో చిక్కుకుంటే, సాయానికి వెళ్లిన చైనా ఐస్‌బ్రేకర్ షువేలాంగ్ కూడా ఇరుక్కుపోయింది కదా!

ఇంజిన్‌రూమ్:
మాస్టారూ, సగమే చెప్పారు. ఆ రష్యా ఓడలోని 52 మంది ప్రయాణికులను ఆస్ట్రేలియా ఓడ దగ్గరికి చేర్చింది షువేలాంగ్ హెలికాప్టరే. చైనా దాన్ని 1993లో ఉక్రెయిన్ నుంచి కొనుక్కుంది. పాతికేళ్లు దానితో తిరిగాక, 2019లో షాంఘైలో షువేలాంగ్-2 తయారు చేసుకుంది. అది ముందుకే కాదు, వెనక్కి నడుస్తూ కూడా మీటరున్నర మంచును విరుస్తుంది.

నేను సరుకు ఓడల్లో ఇంజనీరుగా చేశాను. ఐస్‌బ్రేకర్ మంచును గుద్ది చీలుస్తుందని చాలామంది అనుకుంటారు. అలా కాదండి. ఏటవాలు ముక్కు మంచు మీదికి ఎక్కుతుంది, ఓడ బరువుకు మంచు విరుగుతుంది. పక్కలు గుండ్రంగా ఉంటే మంచు నొక్కినా ఓడ నలిగిపోదు. ఆ గుండ్రతనం వల్లే మామూలు సముద్రంలో విపరీతంగా ఊగుతుంది. ఇలాంటి ఓడను నడపడం చేతికి రావాలంటే ఏళ్లు పడుతుంది. అద్దె ఓడలో మనవాళ్లు ప్రయాణికులు, బ్రిడ్జి మీద, అంటే ఓడను నడిపే గదిలో, నిలబడేది వేరేవాళ్లు. నా బాధంతా అదే.

లెక్కలమాస్టారు:
హెలికాప్టర్ సంగతి ఒప్పుకుంటున్నాను. మరి ఖాళీ నెలల మాట?

తీరవాసి:
ఆర్కిటిక్ ఉంది కదండీ. అక్కడి నార్వే దీవులు స్వాల్‌బార్డ్‌లో మన హిమాద్రి పరిశోధన కేంద్రం 2008 నుంచి నడుస్తోంది. దక్షిణాన చలికాలమంటే అక్కడ వేసవి.

సముద్రవిద్యార్థి:
నాదొక్క మాట. సరుకు మోయడమే పనిగా ఉన్న ఓడ, నీటి నమూనా కోసం నడిసముద్రంలో రెండు రోజులు ఆగమంటే ఆగదు. కొత్త ఓడలో ల్యాబే ముందు, సరుకు తర్వాత అని డిజైన్ దశలోనే తేల్చాలి.

లెక్కలమాస్టారు:
అప్పుడు డీజిల్ ఎవరు మోస్తారమ్మా? మళ్లీ ఇంకో అద్దె ఓడేగా?

ఇంజిన్‌రూమ్:
అవును, దాన్ని అద్దెకే తెద్దాం. దాని ముందు వెళ్లి మంచు విరిచే ఓడ మనదై ఉండాలి. నేను అడుగుతున్నది ఆ ఒక్కటే.