నాన్నగారికి 48 ఏళ్లకే గుండెపోటు వచ్చింది: 21 ఏళ్ల వైద్య విద్యార్థికి పరీక్షలు అవసరమా?

ప్రశ్న (ఎంబీబీఎస్ మూడో సంవత్సరం, కర్నూలు):
గుండె జబ్బుకు దారితీసే కారణాలను పరీక్షల్లో తడుముకోకుండా రాసే మా హాస్టల్ విద్యార్థుల్లో తమ రక్తపోటు ఎంతో చెప్పగలిగేవారు అరుదు. పరీక్షల కాలంలో రాత్రంతా టీలు, సిగరెట్లు, తెల్లవారుజామున నూడుల్స్‌తో గడుస్తుంది. నా బరువు మామూలుగానే ఉంది. నాన్నగారి సంగతి తలచుకుంటే భయం వేస్తోంది. ఇప్పుడే ఏయే పరీక్షలు చేయించుకోవాలో పెద్దలు చెప్పగలరు.

జవాబు (హృద్రోగ నిపుణుడు, విశాఖపట్నం):
తప్పకుండా చేయించుకో బాబూ. తండ్రికి లేదా సోదరుడికి 55 ఏళ్లలోపు, తల్లికి లేదా సోదరికి 65 ఏళ్లలోపు గుండె జబ్బు వస్తే, దాన్ని కుటుంబపరమైన ముప్పుగా పరిగణిస్తాం. రక్తపోటు, చక్కెర, లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలోని కొవ్వుల పరీక్ష)తోపాటు లైపోప్రొటీన్-ఏ (రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఒక రకం కణం) కూడా ఒకసారి చూపించుకో. అది మామూలు లిపిడ్ ప్రొఫైల్‌లో ఉండదు, దాని స్థాయి ప్రధానంగా వంశపారంపర్యంగా వచ్చేదే కనుక చాలామందికి ఒక్కసారి చూస్తే సరిపోతుంది. బరువు మామూలేనన్నావు గాని, భారతీయులకు బీఎంఐ (ఎత్తును బట్టి బరువును అంచనా వేసే సూచిక) 23 చేరితే చాలు, అధిక బరువే. నడుము చుట్టుకొలత కూడా చూసుకో: పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 దాటకూడదు. సిగరెట్ అలవాటు నీకూ ఉంటే, ఈ రిపోర్టులు వచ్చేదాకా ఆగకుండా ఇవాళే మానెయ్యి.

జవాబు (కమ్యూనిటీ మెడిసిన్ పీజీ, వరంగల్):
సర్ చెప్పినదానికి ఒక మాట చేరుస్తాను. 52 దేశాల్లో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం ప్రకారం, దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు ఇతరులకంటే సుమారు ఆరేళ్లు ముందుగా వస్తోంది. అందువల్ల ఇరవైల్లోని అలవాట్లను తేలిగ్గా తీసుకోకూడదు. అయితే ఒక్కొక్కరి పట్టుదల మీదే భారం వేయడం నాకు సమ్మతం కాదు. రోజుకు ఉప్పు 5 గ్రాముల లోపు ఉండాలని పాఠం చెప్పే కళాశాలలోనే, మెస్‌లో పూటపూటా ఆవకాయ, అప్పడాలు, వేపుళ్లు వడ్డిస్తుంటే ఆ పాఠం ఎవరికి ఒంటబడుతుంది? మెస్ కమిటీలో విద్యార్థులే ఉంటారు కనుక, పండ్లు, ఆకుకూర పప్పు, మజ్జిగ పెట్టించమని మీరే అడగండి.

జవాబు (హౌస్ సర్జన్, గుంటూరు):
తమ్ముడూ, నిద్రను మరచిపోవద్దు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో గుండె ఆరోగ్య సూచికల్లో నిద్రనూ చేర్చింది. పెద్దలకు ఏడు నుంచి తొమ్మిది గంటలు కావాలి. నైట్ డ్యూటీలు మొదలయ్యాక అది మన చేతిలో ఉండదు. చదువుకునే ఈ రోజుల్లోనైనా రాత్రి నిద్రను కాపాడుకో, సాయంత్రం అరగంట వేగంగా నడువు.

ప్రశ్న అడిగిన విద్యార్థి:
అందరికీ కృతజ్ఞతలు. ఇంటర్ చదువుతున్న మా చెల్లికి కూడా ఈ పరీక్షలు చేయించాలా?

జవాబు (హృద్రోగ నిపుణుడు, విశాఖపట్నం):
చేయించాలి. నాన్నగారి పాత రిపోర్టులు కూడా వెంట తీసుకువెళ్లండి.