ఎంఏ పొలిటికల్ సైన్స్ చేయాలా, నేరుగా గ్రూప్స్‌కి కూర్చోవాలా?

ఆదోని పిల్ల:
అందరికీ నమస్తే. కర్నూలులో నా బీఏ పొలిటికల్ సైన్స్ అయిపోవస్తోంది. పీజీ ఎంట్రన్స్ పీజీసెట్ రాసి అనంతపురం ఎస్కేయూలో (శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ) ఎంఏ చేరాలని నాకుంది. మా నాన్న ససేమిరా అంటున్నాడు. "ఎంఏ చేసినోళ్ళు మన వీధిలోనే ఉన్నారు, చూస్తున్నావు కదా" అంటాడు. నంద్యాల పోయి బ్యాంకు కోచింగ్ తీసుకో, లేదంటే గ్రూప్స్‌కి కూర్చో అని పట్టు. ఏది మేలు? తిట్టకుండా చెప్పండి.

గ్రూప్స్ బాధితుడు:
నాన్న మాట విను చెల్లీ. గ్రూప్-2 మెయిన్స్ మొదటి పేపరు 150 మార్కులు. సగం ఏపీ చరిత్ర, సగం రాజ్యాంగం. ఆ 75 మార్కుల కోసం రెండేళ్ళు ప్లేటో, అరిస్టాటిల్ అంటూ కూర్చుంటావా? ఒక మంచి పాలిటీ పుస్తకం మూడుసార్లు తిరగేస్తే ఆర్టికల్స్ అన్నీ నోటికొస్తాయి. కేశవానంద భారతి కేసు: 1973, 13 మంది జడ్జీలు, 7-6. పరీక్షకు ఇంతే కావాలి.

సివిక్స్ సార్, కడప:
7-6 నోటికొచ్చింది, సంతోషం తమ్ముడూ. ఒక్క జడ్జి అటు మొగ్గి ఉంటే ఏమయ్యేదో ఎప్పుడైనా ఆలోచించావా? రాజ్యాంగాన్ని పార్లమెంటు సవరించవచ్చు గానీ దాని మౌలిక స్వరూపాన్ని చెరపకూడదు అన్నది ఆ ఒక్క ఓటు మీద నిలబడింది. తీర్పు రాగానే కేంద్రం ఏం చేసింది? మెజారిటీ వైపున్న షెలత్, హెగ్డే, గ్రోవర్ ముగ్గురినీ పక్కనబెట్టి, వాళ్ళకంటే జూనియర్, అవతలి వైపు తీర్పు రాసిన ఏ.ఎన్. రేను ప్రధాన న్యాయమూర్తిని చేసింది. ఇది బిట్టులో పట్టదు. క్లాసులో దీని మీద ఒక గంట కొట్టుకోవచ్చు.

ఇంకొకటి, మన సీమదే. కోచింగ్ నోట్సులో నీలం సంజీవరెడ్డి అంటే రెండు లైన్లు: అనంతపురం జిల్లా ఇల్లూరు, 1977లో ఏకగ్రీవంగా రాష్ట్రపతి. అదే ఏడు రాష్ట్రంలోని 42 లోక్‌సభ స్థానాల్లో జనతా పార్టీకి దక్కిన ఒకే ఒక్క సీటు నంద్యాల, గెలిచింది ఆయనే. కానీ పొలిటికల్ సైన్స్ మొదలయ్యేది 1979 దగ్గర. జూలైలో ప్రధాని మొరార్జీ రాజీనామా చేశాడు. రాష్ట్రపతిగా ఉన్న సంజీవరెడ్డి, చరణ్ సింగ్‌ను ప్రధానిగా పిలిచాడు. ఇందిర మద్దతు ఉపసంహరించుకోవడంతో చరణ్ సింగ్ పార్లమెంటు మొహం చూడకుండానే ఆగస్టు 20న దిగిపోయాడు. జనతా నేత జగ్జీవన్ రామ్ నాకు బలముంది అంటున్నా వినకుండా 22న లోక్‌సభ రద్దు. రాష్ట్రపతి చేసింది సబబేనా? రాజ్యాంగంలో జవాబు రాసిపెట్టి లేదు. అలాంటి ప్రశ్న ముందు నిలబడటం నేర్పే చదువు ఇది. చేరమ్మా.

పాత ఎంఏ:
సార్, మీరు చెప్పే క్లాసు నాకైతే దొరకలేదు. నేను చదివిన చోటు పేరు వద్దు గానీ, అక్కడ డిక్టేషన్ తప్ప చర్చ లేదు. పసుపు పట్టిన నోట్సు చదువుతారు, మేం రాసుకుంటాం, సెమిస్టర్‌లో అదే దించుతాం. పంచాయతీరాజ్ మీద ప్రాజెక్టు అంటే సీనియర్ల బైండింగ్ తెచ్చుకుని మండలం పేరు మార్చి ఇచ్చినోళ్ళే ఎక్కువ. ఒకచోటైతే లోపల పాత మండలం పేరు అట్లే ఉండిపోయింది, ఎవరూ పట్టుకోలేదు కూడా. ఇంకో నిజం చెప్తా: సగం మంది చేరేదే హాస్టల్ కోసం. గది, మెస్సు, రీడింగ్ రూము ఉంటాయి, అక్కడే కూర్చుని గ్రూప్స్ చదువుకోవచ్చు. బయట కోచింగ్, రూమ్ రెంట్ లెక్కేస్తే ఇది చాలా చవక. ఆ తెలివితో చేరితే నష్టం లేదు చెల్లీ. తెలుగు మీడియం అయితే మాత్రం మొదటి సెమిస్టర్ ఇంగ్లీష్ పుస్తకాలతో నరకమే.

గ్రూప్స్ బాధితుడు:
అదే కదప్పా నేను చెప్పేది! చివరికి అక్కడా చదివేది గ్రూప్సే.

సివిక్స్ సార్, కడప:
పాత ఎంఏ చెప్పింది కాదనను, డిక్టేషన్ రోగం నాకూ తెలుసు. దానికి మందు చదువు మానేయడం కాదు. ఉద్యోగం సంగతి కూడా చూడండి. జూనియర్ కాలేజీలో సివిక్స్ లెక్చరర్ కావాలంటే పీజీ తప్పనిసరి. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కొడితే పీహెచ్‌డీకి ఫెలోషిప్ వస్తుంది. సివిల్స్‌లో ఇదే ఆప్షనల్ తీసుకుంటే 500 మార్కులు. గ్రూప్స్ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి, ఆలోపు చేతిలో ఇంకో దారి ఉంటుంది. అమ్మాయీ, చేరేముందు ఒక పని చెయ్. ఆ డిపార్ట్‌మెంట్‌కి వెళ్ళి రెండో ఏడాది వాళ్ళతో ఓ పూట కూర్చో. క్లాసులు జరుగుతున్నాయా, ప్రశ్న అడిగితే సార్లు విసుక్కుంటారా, లైబ్రరీ ఎన్నింటి దాకా తెరుస్తారు, ఇవి కనుక్కో. వెబ్‌సైట్లో ఇవేవీ ఉండవు.

ఆదోని పిల్ల:
థాంక్స్ సార్. వచ్చే వారం అనంతపురం పోతున్నాం, నాన్న కూడా వస్తానన్నాడు. హాస్టల్ సంగతి ఎత్తాక కొంచెం మెత్తబడ్డాడు.

గ్రూప్స్ బాధితుడు:
వెళ్ళండి, మంచిది. సార్, ఒకటి మాత్రం చెప్పాలి. 1979లో సంజీవరెడ్డి చేసింది తప్పే. సభలో బలం తేలకముందే ఆ సభనే ఎట్లా రద్దు చేస్తారు? విశ్వాస పరీక్ష ఎదుర్కోని ప్రధాని సలహా ఇస్తే రాష్ట్రపతి దానికి కట్టుబడాలా? జగ్జీవన్ రామ్‌కి ఓ వారం టైం ఇస్తే పోయేదేముంది? గెలుస్తాడో ఓడతాడో సభలోనే తేలేది. రాత్రంతా దీని గురించే చదువుతూ కూర్చున్నా. ఇది బిట్టుగా రాదని తెలుసు లెండి.