స్కూబాలో 8 కిలోల వెయిట్లు, కాళ్లు కిందకి, 35 నిమిషాలకే గాలి ఖాళీ: బ్యాక్‌ప్లేట్ కొనాలా?

హైదరాబాద్_ఫిన్స్:
ఓపెన్ వాటర్ (స్కూబా మొదటి కోర్సు) అయింది, ఇప్పటికి 14 డైవ్‌లు. నా బరువు 70 కిలోలు. 3 మి.మీ. వెట్‌సూట్, జాకెట్ బీసీడీ (గాలి నింపి తేలేందుకు వేసుకునేది), 11.1 లీటర్ల అల్యూమినియం సిలిండర్, బెల్టుకి 8 కిలోలు. సగటు లోతు 15 మీటర్లయితే సిలిండర్‌లో గాలి ఒత్తిడి 200 బార్ నుంచి 50కి 35 నిమిషాల్లో దిగిపోతోంది. వీడియోలో ఒళ్లు ఏటవాలుగా ఉంది, ఆక్టోపస్ (తోటి డైవర్‌కి ఇచ్చే స్పేర్ రెగ్యులేటర్), గేజ్ (గాలి ఎంత మిగిలిందో చూపే మీటర్) వేలాడుతున్నాయి. వచ్చే నెల అండమాన్‌లోని హేవ్‌లాక్ వెళ్తున్నా. బ్యాక్‌ప్లేట్ (జాకెట్ బదులు వీపుకి కట్టుకునే పలక), లాంగ్ హోస్ (పొడవాటి గాలి గొట్టం) కొనాలా?

సీసం_తగ్గించు:
ఏమీ కొనకండి, ముందు వెయిట్లు తీయండి. డైవ్ చివర 50 బార్ ఉన్నప్పుడు, గాలి పీల్చే రెగ్యులేటర్ నోట్లోనే ఉంచి, బడ్డీ (తోటి డైవర్) పక్కన ఉండగా, నీటిపైన నిలువుగా కదలకుండా ఉండండి. బీసీడీ పూర్తిగా ఖాళీ చేసి, మామూలు ఊపిరి తీసుకుని ఒక్క క్షణం ఆగితే నీళ్లు కళ్ల మట్టానికి రావాలి. ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. ఊపిరి నిండా ఉన్నా మునిగిపోతుంటే కిలో తీసి మళ్లీ చూడండి. నిండు సిలిండర్‌తో చూస్తే వచ్చిన లెక్కకి 2 కిలోలు కలపాలి, డైవ్‌లో వాడే 150 బార్ గాలి బరువు అంత.

3 కిలోలు ఎక్కువైతే దానికోసం బీసీడీలో 3 లీటర్ల గాలి నింపాలి. 20 మీటర్ల నుంచి 10కి వచ్చేసరికి అదే నాలుగున్నర లీటర్లవుతుంది. పైకి తన్నుకుపోయేది అందుకే.

మీ వాడకం నిమిషానికి 19 లీటర్లు. కొత్తవాళ్లకి అదేం ఎక్కువ కాదు. గాలి మిగులుతుందని ఊపిరి మాత్రం బిగపట్టకండి.

అడ్డం_పడుకో:
వెయిట్ల సీసమంతా నడుం దగ్గర, గాలంతా ఛాతీలో. కాళ్లు దిగక ఏం చేస్తాయి? ఒకటి రెండు కిలోలు సిలిండర్ పైభాగంలోని పట్టీకి మార్చండి. మిగతాది బెల్టులోనే ఉంచండి, అవసరమైతే వదిలేయగలగాలి. ఏటవాలుగా ఫిన్ కొడితే ప్రతి తన్నూ పైకి తోస్తుంది, దాన్ని ఆపడానికి గాలి వదిలేస్తాం, కాళ్లు ఆపగానే మునుగుతాం. పది సెకన్లు కాళ్లు ఆపి చూస్తే తెలిసిపోతుంది.

ఎడమతుంటి:
గేజ్ హోస్ ఎడమ చంక కిందుగా తెచ్చి తుంటి దగ్గర డి-రింగ్‌కి (బీసీడీకుండే D ఆకారపు రింగు) బోల్ట్ స్నాప్‌తో (స్ప్రింగ్ కొక్కెం) తగిలించండి. స్నాప్‌ని హోస్‌కి నైలాన్ దారంతో కట్టాలి. ఇనుప రింగు వేస్తే, ఇరుక్కున్నప్పుడు కత్తితో కోయలేరు. ఆక్టోపస్ గడ్డానికీ పక్కటెముకలకీ మధ్య, లాగితే ఊడొచ్చే క్లిప్‌లో, మౌత్‌పీస్ కిందకి ఉండాలి. పైకి తిరిగితే గాలి దానంతటదే పోతుంది. 2.1 మీటర్ల లాంగ్ హోస్ సంగతి తర్వాత, బడ్డీతో డ్రిల్ చేయకుండా దాని జోలికే పోవద్దు.

హైదరాబాద్_ఫిన్స్:
థాంక్సండీ. వెయిట్ చెక్ ఇక్కడి స్విమ్మింగ్ పూల్‌లో చేసుకోవచ్చా?

సీసం_తగ్గించు:
చేయొచ్చు, కానీ అదే వెట్‌సూట్‌తో. సముద్రంలో ఒంటి బరువు, గేర్ కలిపిన మొత్తంలో దాదాపు 2.5 శాతం అదనంగా కావాలి. మీకు రెండున్నర కిలోలు కలుపుకోండి, అక్కడ మొదటి డైవ్ చివర మళ్లీ చూడండి.