పగటి వేడి పెరగకపోతే ఆ ప్రాంతం వేడెక్కనట్లేనా?

గట్టుమీద:
సాగు ప్రాంతాల ఉష్ణోగ్రతల లెక్కలు చూసేకొద్దీ నాకు ఒక సందేహం బలపడుతోంది. అమెరికాలో మొక్కజొన్న విస్తారంగా పండే మధ్య పశ్చిమ ప్రాంతంలో గత శతాబ్దం రెండో సగంలో వేసవి పగటి ఉష్ణోగ్రతలు పెరగకపోగా కాస్త తగ్గాయి. గంగా మైదానంలోనూ పగటి వేడి పెరుగుదల నెమ్మదిగానే ఉంది. అలాంటప్పుడు సగటు గీత ఒకటి గీసి అంతా వేడెక్కిపోతోందని చెప్పడం ఎంతవరకు సబబు? రైతును ముంచేది ఏటేటా వచ్చే ఒడుదొడుకులే, ఆ గీత కాదు.

ఉష్ణమాపకం:
మీరు గరిష్ఠ ఉష్ణోగ్రతలే చూస్తున్నారు. తడి నేల మీద, దట్టమైన పైరు మీద పడిన ఎండలో చాలా భాగం నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. గాలిని వేడెక్కించడానికి మిగిలేది తక్కువ. గంగా మైదానంలో దీనికి తోడు పొగ, ధూళి ఎండను అడ్డుకుంటున్నాయి. అక్కడి వేడి ఆగలేదు, అణిగి ఉంది. భూగర్భజలాలు అడుగంటి నీటిపారుదల తగ్గితే ఆ రక్షణ కూడా పోతుంది.

రాత్రుల సంగతి చూడండి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ క్షేత్రంలో 1979–2003 మధ్య గరిష్ఠ ఉష్ణోగ్రత 0.35 డిగ్రీలు పెరిగితే, కనిష్ఠం 1.13 డిగ్రీలు పెరిగింది. వానలు లేని కాలంలో వేసిన వరిలో కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి 10 శాతం తగ్గినట్లు 2004లో వచ్చిన పరిశోధన పత్రం తేల్చింది. పగటి వేడి ప్రభావం మాత్రం అందులో స్పష్టంగా కనిపించలేదు!

గట్టుమీద:
అది ఒక్క క్షేత్రం లెక్క. మబ్బు పట్టిన రోజుల్లో రాత్రులు వెచ్చగా ఉంటాయి, పైరుకు ఎండా తక్కువే అందుతుంది. దిగుబడి దేనివల్ల పడిపోయిందో విడదీయడం కష్టం. నా ఉదాహరణ 2022 మార్చి. 1901 నుంచి ఉన్న రికార్డుల్లో భారతదేశానికి అదే అత్యంత వేడి మార్చి. గింజ గట్టిపడే దశలో గోధుమ దెబ్బతింది, మే నెలలో ఎగుమతులపై నిషేధం వచ్చింది. ముప్పై ఏళ్ల సగటు ఆ రైతును ముందుగా హెచ్చరించిందా?

విత్తనాలసంచి:
ఇద్దరూ పైరు దశను వదిలేస్తున్నారు. వరి పూత మీద ఉన్నప్పుడు 35 డిగ్రీలు దాటిన వేడి కొన్ని గంటలు తగిలినా తాలు గింజలు పెరుగుతాయి. ఆ నెల సగటు మామూలుగానే కనిపించవచ్చు. నాకు కావలసింది పూత రోజుల్లో అలాంటి గంటలు ఎన్ని అన్న లెక్క. దాన్ని బట్టే విత్తే తేదీ మార్చుకోగలను.

ఉష్ణమాపకం:
ఆ లెక్క తప్పక కావాలి. అయితే ఆ గంటలు పెరగడానికి ఒడుదొడుకులు పెరగనక్కర్లేదు. ఊగిసలాట ఎప్పటిలాగే ఉన్నా, సగటు కొంచెం పైకి జరిగితే చాలు, 35 దాటే గంటలు చాలా పెరుగుతాయి. 2022 మార్చి లాంటి వడగాలి పాత, చల్లని సగటు మీద వచ్చి ఉంటే పాదరసం అంత ఎత్తుకు వెళ్లేది కాదు. అందుకే గీతనూ ఒడుదొడుకులనూ వేరు చేసి ఒకదాన్ని పక్కన పడేయడాన్ని నేను ఒప్పుకోను.

ఇంకొకటి. ‘సాధారణం కంటే ఒక డిగ్రీ ఎక్కువ’ అన్నప్పుడు ఆ సాధారణం ఏ కాలానిదో అడగండి. 1981–2010 సగటు స్థానంలో 1991–2020 సగటు వచ్చింది. కొలబద్దే పైకి జరిగింది కనుక అదే వేడి ఇప్పుడు తక్కువగా కనిపిస్తుంది.

గట్టుమీద:
కొలబద్ద గురించి మీరన్నది నిజమే, పోలికకు ఒకే కాలాన్ని తీసుకోవాలి. కానీ ప్రాంతమంతటికీ ఒకే గీత అన్నదానికి నా అభ్యంతరం పోలేదు. కాలువ నీరందే పొలాలను, వర్షాధార పొలాలను విడివిడిగా, పగలు రాత్రి వేరుచేసి చూపించే లెక్కలు ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి.