బ్యాకప్ తీసేశావా?

కంప్యూటర్లో ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తగా వేద్దామని కూర్చుని, పక్కగదిలో ఉన్న తమ్ముణ్ణి కేకేశాను. "ఒరే, ఆ డిస్కులో బ్యాకప్ తీసేశావా?" "ఆఁ, ఎప్పుడో తీసేశా" అన్నాడు. ఫార్మాట్ కొట్టి కంప్యూటర్లో ఉన్నదంతా చెరిపేశాను. చోటు చాలక పాత బ్యాకప్‌ని తీసేశాడని తర్వాత తెలిసింది!

నేనడిగింది తినేశావా, రాసేశావా లాంటిది. వాడు విన్నది జాబితాలోంచి పేరు తీసేయడం లాంటిది. ఇద్దరిదీ మంచి తెలుగే. తప్పెక్కడుంది?

జవాబు: "తీయు"లోనే ఉందండీ. ముల్లు తీస్తే కాల్లో ఉండదు. నకలు తీస్తే అసలు కాగితం కదలదు. బ్యాకప్ ఈ రెండో వరసది. "వేయు" తగలగానే రెండు వరసలూ కలిసిపోతాయి. "ఫొటో తీసేశావా" అన్నా ఇదే తంటా. "చేసేశావా" అంటే గొడవ లేదు.

జవాబు: మా ఇంట్లో ఆ పని క్రాన్‌కి (పెట్టిన వేళకి పనులు తనంతట తనే నడిపే ప్రోగ్రామ్) అప్పగించాక క్రియే మారిపోయింది. ఇదివరకు "బ్యాకప్ తీస్తాను" అనేవాణ్ణి, ఇప్పుడు "బ్యాకప్ అవుతుంది" అంటున్నాను. కర్త మాయం. పైగా "అవుతుంది" అంటే రోజూ జరిగేదీ అదే, ఇకముందు జరగబోయేదీ అదే. జరిగిందని మాత్రం కాదు. ఆదివారం రాత్రి 2 గంటలకు పెట్టాను, ఆ వేళకి కంప్యూటర్ ఆపేసి ఉండేది. తప్పిపోయిన పనిని క్రాన్ తర్వాత చేయదు, దాని దారిన అది పోతుంది. నెలల తరబడి "అవుతుంది" అంటూనే ఉన్నాను, ఒక్కసారీ అవలేదు. అనాక్రాన్ పెట్టాక దారికొచ్చింది. మెషీన్ వెలిగాక, తప్పిన వంతు అది పూర్తిచేస్తుంది.

జవాబు: బ్యాకప్‌కి "ప్రతి" అనొచ్చు కదా? ప్రతిరోజూ ఒక ప్రతి!

జవాబు: బాగుంది కానీ, ప్రతినీ ప్రతిబింబాన్నీ కలపకండి. ఫైళ్లని ఒకచోటి నుంచి ఇంకోచోటికి నకలు చేసే ఆర్‌సింక్ ప్రోగ్రామ్‌కి డిలీట్ ఆప్షన్ ఇస్తే, ఇక్కడ చెరిపిన ఫైలు తర్వాతిసారి అక్కడా చెరిగిపోతుంది. అది అద్దం. పాత తేదీలవి విడిగా నిలవుంటేనే ప్రతి.

మొదటి ప్రశ్న వేసిన నేనే: అందరికీ ధన్యవాదాలు. ఇకమీద తమ్ముణ్ణి ఏ క్రియతోనూ అడగను. "ఆ డిస్కులోంచి ఒక ఫైలు తెరిచి చూపించరా" అంటాను.