ఫోనో ప్రీయాంప్ మార్చాలా, ఉన్నదాంతో కానిచ్చేయాలా?

వడపళని_వినైల్:
అందరికీ నమస్తే. నాది డైరెక్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్), ఫోనో ప్రీయాంప్ (నీడిల్ నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ని పెంచే సర్క్యూట్) దాంట్లోనే ఉంది, కార్ట్రిడ్జ్ (నీడిల్ బిగించి ఉండే ముక్క) ఆడియో టెక్నికా వీఎం95ఈ, నాన్నగారి పాత ఇంటిగ్రేటెడ్ ఆంప్‌లో ఆక్స్‌కి (మామూలు లైన్ ఇన్‌పుట్) పెట్టి బుక్‌షెల్ఫ్ స్పీకర్లలో వింటున్నా. చెన్నైలో మూర్ మార్కెట్ వైపు దొరికిన పాత తెలుగు ఈపీలు (చిన్న రికార్డులు), నాన్నగారి ఎల్పీలు (పెద్దవి), నాలుగైదు కొత్త ప్రెస్సింగులు, ఇదీ కలెక్షన్. రాత్రిపూట వింటే స్స్స్ అని హిస్, కింద సన్నగా హమ్ కూడా ఉంది, ఇంకా సైడ్ ఆఖరి పాటకొచ్చేసరికి స, ష వచ్చిన చోటల్లా పాడేవాళ్లు ఈల కలిపి పాడుతున్నట్టు ఉంటుంది. షాపులో అడిగితే బయట ప్రీయాంప్ పెట్టండి సార్ అన్నీ పోతాయి అన్నాడు. బడ్జెట్ 15 వేలు, మరీ బాగుంటే కాస్త సాగదీస్తా. ప్రో-జెక్ట్ ఫోనో బాక్స్, ఐఫై జెన్ ఫోనో చూస్తున్నా. కొనేయమంటారా?

అడయార్_అనలాగ్:
ఆగండి బ్రో, అప్పుడే కార్డు తియ్యకండి. మీరు చెప్పినవి మూడు వేరే వేరే జబ్బులు, షాపతను మూడింటికీ ఒకటే మాత్ర రాసిచ్చాడు.

ముందు హిస్ సంగతి. ఆర్మ్ పైకి లేపి ఉంచి, వాల్యూమ్ మీరు రోజూ వినే చోట పెట్టి, సోఫాలో మామూలుగా కూర్చునే చోటే కూర్చుని వినండి. తర్వాత పాట మొదలవకముందు ఖాళీ గ్రూవ్ (రికార్డు మీది గాడి) ఉంటుంది కదా, దాని మీద నీడిల్ దించండి. దించగానే గ్రూవ్ చప్పుడు ఆ హిస్‌ని మింగేస్తే ప్రీయాంప్ మార్చినా మీకు తెలిసేది పెద్దగా ఉండదు, ఎందుకంటే రికార్డు నాయిసే పైన ఉంది. నీడిల్ దించాక కూడా అదే హిస్ స్పష్టంగా వినబడుతుంటే అప్పుడు మాట్లాడదాం. ఒకసారి సెలెక్టర్ వేరే ఇన్‌పుట్‌కి తిప్పి కూడా చూడండి, అక్కడా అంతే ఉంటే అది ఆంప్‌దే.

స, ష గోల మాత్రం ప్రీయాంప్‌ది కానే కాదు. 12 ఇంచుల ఎల్పీ అంచున నీడిల్ కింద గ్రూవ్ సెకనుకి దాదాపు 50 సెంటీమీటర్లు నడుస్తుంది, లేబుల్ దగ్గరికి వచ్చేసరికి 21 చిల్లర. అదే పాటని సగం కన్నా తక్కువ జాగాలో ఇరికిస్తారు, మెలికలు అంత సన్నం అయిపోతాయి, మీ నీడిల్‌కున్న ఎలిప్టికల్ (కోలగా ఉండే) టిప్ అక్కడ తడబడుతుంది. మీ కార్ట్రిడ్జ్ బాడీ అలాగే ఉంచి, టిప్ ఇంకా సన్నగా ఉండే వీఎం95ఎంఎల్ స్టైలస్ (నీడిల్ ముక్క) ఒక్కటీ మార్చుకోవచ్చు, లాగి తీసి గుచ్చడమే. దానికంటే ముందు ట్రాకింగ్ ఫోర్స్ (నీడిల్ రికార్డు మీద మోపే బరువు) 2 గ్రాములు ఉందా, ప్రొట్రాక్టర్ (కోణం చూసే గీతల అట్ట) మీద అలైన్‌మెంట్ కరెక్టా చూడండి, ఈ రెండూ తప్పితే ఎంఎల్ పెట్టినా దండగ.

మోనో_మాస్టారు:
బాబూ, నాన్నగారి పాత ఆంప్ అన్నారు, వెనకాల ఫోనో అని రాసిన సాకెట్లు, పక్కన జీఎన్‌డీ (గ్రౌండ్, అంటే ఎర్త్) అని ఒక మర ఉన్నాయేమో చూశారా? ఆ కాలం ఆంపుల్లో చాలా వాటికి మంచి ఫోనో స్టేజే ఉంటుంది, ఇంట్లో పెట్టుకుని బజారు తిరగడం ఎందుకు. టర్న్‌టేబుల్ మీది స్విచ్ లైన్ నుంచి ఫోనోకి మార్చి ఆ సాకెట్లో పెట్టండి, ఎర్త్ వైరు ఆ మరకి బిగించండి. స్విచ్ మార్చడం మర్చిపోతే ప్రీయాంప్ మీద ప్రీయాంప్ పడి బేస్ అంతా బురదగా, పగిలినట్టు వస్తుంది, భయపడకండి.

ఇంకోటి. ఆంప్ మీద మోనో బటన్ ఉంటే పాత ఈపీలకి తప్పకుండా నొక్కండి. 50ల్లో, 60ల్లో వచ్చిన మన సినిమా రికార్డులు చాలా వరకు మోనోనే (రెండు స్పీకర్లలోనూ ఒకటే శబ్దం), పాట ముల్లు అడ్డంగా కదిలితేనే వస్తుంది, నిలువు కదలికలో ఉండేది దుమ్మూ చిటపటలే. రెండు చానళ్లూ కలిపితే ఆ నిలువుది చాలా మటుకు కొట్టుకుపోతుంది. ఘంటసాల గొంతు మధ్యలోకి వచ్చి నిలబడుతుంది చూడండి, ఏ ప్రీయాంపూ అంత తేడా చూపించదు నా లెక్కన.

78లు (78 స్పీడు పాత లక్క రికార్డులు) ఏమైనా ఉంటే మాత్రం ఆ ముల్లుతో వేయొద్దు. వాటి గ్రూవ్‌కి ఇంకా లావైన 3 మిల్ ముల్లు కావాలి, మీ కార్ట్రిడ్జ్‌కే వీఎం95ఎస్‌పీ అని వస్తుంది. స్పిరిట్ పెట్టి తుడవొద్దు కూడా, లక్క కరిగిపోతుంది.

రిచీవీధి_రాత్రులు:
అందరూ ప్రీయాంప్‌ని మరీ తీసిపారేస్తున్నారు. కార్ట్రిడ్జ్ నుంచి వచ్చేదే 4 మిల్లీవోల్టులు, దాన్ని వంద రెట్లు పెంచాలి, పైగా ఆర్‌ఐఏఏ కర్వ్ (రికార్డు చేసేటప్పుడు తగ్గించిన బేస్‌ని, పెంచిన ట్రెబుల్‌ని మళ్లీ సరిచేసే లెక్క) సరిగ్గా పట్టుకోవాలి, బడ్జెట్ టేబుల్స్‌లో పెట్టే చిన్న సర్క్యూట్ కంటే బయటిది నయంగా ఉండటం నేను చాలా చోట్ల విన్నా. రేపు ఎంసీ (మూవింగ్ కాయిల్) కార్ట్రిడ్జ్‌కి వెళ్తే చాలా వాటిలో అర మిల్లీవోల్ట్ కూడా రాదు, 60 డీబీ గెయిన్ (అంటే వెయ్యి రెట్లు పెంచడం) కావాలి, అప్పుడు ఎలాగూ కొనాలి.

హమ్‌కి మాత్రం డబ్బులు పెట్టకండి. ఆర్‌ఐఏఏ ప్లేబ్యాక్‌లో 50 హెర్ట్జ్ దగ్గర 17 డీబీ దాకా పెంచుతారు, అందుకే కరెంట్ హమ్ ఫోనోలోనే ఇంతగా బయటపడుతుంది. పాత అద్దె ఇళ్లలో ఎర్త్ పిన్ పేరుకే ఉంటుంది, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి. కేబుల్ ఆంప్ ట్రాన్స్‌ఫార్మర్ పక్కనుంచి పోకుండా జరపండి, ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు హమ్ పెరుగుతోందా అదీ చూడండి. పోల్చేటప్పుడు రెండిటి వాల్యూమ్ సమానం చేసుకోండి, కాస్త గట్టిగా వినబడేదే మంచిదనిపిస్తుంది చెవికి.

వడపళని_వినైల్:
థాంక్స్ అందరికీ. ఆంప్ వెనక ఫోనో ఉంది మాస్టారూ, దుమ్ము తుడిస్తే అక్షరాలు కనబడ్డాయి! అక్కడ పెట్టాక ఆర్మ్ లేపి వింటే హిస్ బాగా తగ్గింది, నీడిల్ దించితే అసలు తెలియట్లేదు. కేబుల్‌ని పవర్ కార్డ్ నుంచి దూరం జరిపి ఎర్త్ వైరు బిగిస్తే హమ్ కూడా తొంభై శాతం పోయింది. మోనో బటన్‌కి మాత్రం దండం పెట్టాలి. స, ష అలాగే ఉంది, కాబట్టి ఎంఎల్ స్టైలస్సే ఆర్డర్ పెడదామనుకుంటున్నా. పాత ఎల్పీల్లో కూడా తగ్గుతుందా?

అడయార్_అనలాగ్:
కొత్త ప్రెస్సింగుల్లో బాగా తగ్గుతుంది. పాతవి, అప్పటి బరువైన ఆర్ములతో అరిగిపోయి ఉంటే కొన్నింట్లో ఎంఎల్ టిప్ గ్రూవ్ గోడ మీద అరగని చోట తగిలి ఆశ్చర్యపరుస్తుంది, కొన్నింట్లో ఏమీ మారదు, అరిగింది అరిగిందే. బూజు పట్టినవాటిని ముందు కడగండి, మన సముద్రం గాలికి కవర్ లోపల కూడా పడుతుంది. ఆంప్ ఫోనోలో ట్రెబుల్ గుచ్చుతున్నట్టు అనిపిస్తే కేబుల్ చిన్నది వాడండి, ఆ కార్ట్రిడ్జ్‌కి కేబుల్, ఇన్‌పుట్ కలిపి కెపాసిటెన్స్ 100 నుంచి 200 పికోఫారడ్ల లోపే ఉండాలి, పాత ఆంపుల్లో అది దాటిపోతూ ఉంటుంది.

రిచీవీధి_రాత్రులు:
ఆ దాటడం గురించే నేను మొత్తుకునేది. లోడింగ్ (ఆ పికోఫారడ్ల లెక్క) మార్చుకునే స్విచ్ ఉన్న ప్రీయాంప్ అయితే ఈ గొడవ ఉండదు. సరే, ముందు స్టైలస్ రానివ్వండి, ఫోర్స్ చూడ్డానికి చిన్న డిజిటల్ స్కేల్ (త్రాసు) రిచీ స్ట్రీట్‌లో (చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు) అడగండి, ఒకరిద్దరి దగ్గర బేరమాడితే తగ్గిస్తారు.