హెడ్‌లెస్ బ్రౌజరు లాగ్ హెచ్చరికలు ఆపడం ఎలా? (అసలు ఆపవచ్చా?)

మిర్చిఘాటు (గుంటూరు) | సోమవారం రాత్రి 9.10

అందరికీ నమస్కారం. మా మామయ్య మిర్చి యార్డులో కమీషన్ ఏజెంటు. ఆయన కోసం జావాలో ఒక ప్రోగ్రాము రాసిపెట్టాను. అందులో వాడినది హెచ్‌టీఎంఎల్‌యూనిట్ అనే హెడ్‌లెస్ బ్రౌజరు లైబ్రరీ. తెరమీద ఏమీ కనిపించదు, లోపలే పేజీ తెరుస్తుంది, జావాస్క్రిప్ట్ కూడా నడుపుతుంది. గుంటూరు, ఖమ్మం, వరంగల్, బ్యాడగి వగైరా కలిపి ఎనిమిది ధరల పేజీలను పావుగంటకోసారి చదివి, తేజ, 334, బాడిగ రకాలు క్వింటాలు ఎంత పలుకుతున్నాయో ఆయన ఫోనుకు పంపుతుంది.

పని చక్కగానే జరుగుతోంది. బాధంతా లాగ్‌తోనే, అంటే ప్రోగ్రాము తన సందేశాలు రాసుకునే చిట్టాతోనే. ఒక్క పేజీ తెరిస్తే దాదాపు రెండు వందల వరుసల హెచ్చరికలు. సగం "సీఎస్ఎస్ తప్పు" (పేజీ రూపురేఖలు చెప్పే భాషలో తప్పు) అని, మిగతావి పంపిన ఫైలు ఏ రకమో చెప్పే పేరు మీద ఫిర్యాదులు: "కాలం చెల్లిన కంటెంట్ రకం ఎదురైంది: అప్లికేషన్/ఎక్స్-జావాస్క్రిప్ట్" అని. ఆ సైటు నాది కాదు, ఆ సీఎస్ఎస్ నేను రాయలేదు. నాలుగు నెలల్లో లాగ్ ఫైలు ఒకటిన్నర జీబీకి చేరి చిన్న అద్దె సర్వరులో డిస్కు నిండిపోయింది. ఈ ఉదయం ప్రోగ్రామే ఆగింది. "అల్లుడూ, టిక్కీలన్నీ అమ్ముడయ్యాక ధర పంపితే నేనేం చేసుకోను?" అని మామయ్య ఫోను.

వీటిని ఆపే మార్గం చెప్పగలరా?

లబ్బీపేట_జావా | 9.32

ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు. "కామ్.గార్గాయిల్‌సాఫ్ట్‌వేర్" అనే పేరుతో లాగర్‌ను (లాగ్ సందేశాలు రాసే భాగాన్ని) తెచ్చుకుని స్థాయిని ఆఫ్‌కు మార్చండి. ఒక్క వరుస. నేను పదేళ్లుగా అన్ని ప్రోగ్రాముల్లోనూ మొదట రాసేది అదే. ఎవరి సైటులోనో ఎవరో సెమికోలన్ మరిచిపోతే మన డిస్కు నిండాలా? పక్కవాళ్ల పెళ్లికి మన ఇంటి మీద మైకు కట్టినట్టుంది.

మిర్చిఘాటు | 9.58

పెట్టాను. ఒక్క వరుస కూడా తగ్గలేదు.

పటమట_పాతకాపు | 10.15

ఏ వెర్షను వాడుతున్నారు? 2023లో వచ్చిన 3.0 నుంచి ప్యాకేజీ (లైబ్రరీ కోడు ఉండే విభాగం) పేరే మారింది. పాత గార్గాయిల్ పేరు పోయి "ఆర్గ్.హెచ్‌టీఎంఎల్‌యూనిట్" అయింది. మీరు నోరు మూయించినది ఇప్పుడు ఇంట్లో లేని మనిషిని.

ఇంకో మాట. ఇలా మొత్తంగా ఆఫ్ చేయడం మంచిది కాదు. ఎందుకో రేపు వివరంగా రాస్తాను.

మిర్చిఘాటు | 10.24

కొత్త పేరుతో పెట్టగానే ఆగిపోయాయి! ఇద్దరికీ కృతజ్ఞతలు.

కొరిటెపాడు_కుర్రాడు | 10.30

సమస్య తీరింది కదా, ఇక పడుకోండి.

ఏలూరుకాలువ | 11.05

తీరలేదు. జావాలో లాగ్ మేనేజరు లాగర్లను గట్టిగా పట్టుకోదు. మీ ప్రోగ్రాములో ఎవరూ దాన్ని పట్టుకుని ఉంచకపోతే గార్బేజ్ కలెక్టరు (ఎవరూ వాడనివాటిని మెమరీలోంచి తీసేసే జావా భాగం) ఎప్పుడైనా ఊడ్చుకుపోవచ్చు. దానితోపాటు మీరు పెట్టిన స్థాయి కూడా పోతుంది. లాగర్‌ను స్టాటిక్ చరరాశిలో దాచుకోండి.

లబ్బీపేట_జావా | 11.12

పదేళ్లలో నాకు ఒక్కసారీ అలా జరగలేదు. కింది లాగర్లు (అదే పేరుతో మొదలయ్యే మిగతా లాగర్లు) పుట్టాక అవే పై లాగర్‌ను పట్టుకుని ఉంటాయి.

ఏలూరుకాలువ | 11.14

పుట్టకముందో?

పటమట_పాతకాపు | మంగళవారం ఉదయం 7.40

నిన్న చెప్పిన వివరం. మిరపకాయలు వేయిస్తుంటే ఘాటుకు దగ్గు వస్తుంది. దగ్గు వస్తోందని ముక్కు మూసుకుంటే మాడిన వాసన కూడా తెలియదు. ఈ లైబ్రరీ ఇచ్చే హెచ్చరికల్లో నూటికి తొంభై పనికిరానివే అనుకుందాం. మిగిలిన పదీ సైటు మారిందనీ స్క్రిప్టు సరిగా నడవలేదనీ తెలిపే మొదటి సూచనలు. అన్నిటినీ ఒకే తాళంతో బిగిస్తే ఆ పదీ పోతాయి.

చేయవలసినది వేరు. సీఎస్ఎస్ గోల వద్దనుకుంటే దాని కోసమే "సైలెంట్ సీఎస్ఎస్ ఎర్రర్ హ్యాండ్లర్" ఉంది, దాన్ని పెట్టండి. కంటెంట్ రకం ఫిర్యాదులన్నీ "ఇన్‌కరెక్ట్‌నెస్ లిజనర్" ద్వారా వస్తాయి. అక్కడ మీ సొంతది పెట్టి, తెలిసిన ఫిర్యాదును వదిలేసి కొత్తదాన్ని మాత్రం రాసుకోండి. పది వరుసల పని.

లబ్బీపేట_జావా | 8.25

పది వరుసలు ఎందుకు, ఒక్క వరుసతో అయ్యేదానికి? ఆయన అడిగినది డిస్కు నిండకుండా ఉండే మార్గం. మీరు ధర్మోపన్యాసం ఇస్తున్నారు. ఒకటిన్నర జీబీ లాగ్‌ను ఇంతవరకు ఎవరైనా తెరిచి చదివారా? చదవని ఉత్తరం అందితే ఎంత, అందకపోతే ఎంత?

ఏలూరుకాలువ | 8.50

ఆ కంటెంట్ రకం హెచ్చరిక కథ చాలామందికి తెలియదు కాబట్టి చెబుతాను. ఈ లైబ్రరీ పాత వెర్షన్లు "టెక్స్ట్/జావాస్క్రిప్ట్" అనే పేరు కనబడినా కాలం చెల్లినదని సణిగేవి. అది వాళ్ల సొంత అభిప్రాయం కాదు. 2006లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 4329 అనే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం ఆ పేరును కాలం చెల్లినదిగా ప్రకటించి "అప్లికేషన్/జావాస్క్రిప్ట్" వాడమంది. లోకం వినలేదు, పాత పేరే వాడింది. చివరికి 2022 మే నెలలో ఆర్ఎఫ్‌సీ 9239 వచ్చి తీర్పు తిరగరాసింది. "టెక్స్ట్/జావాస్క్రిప్ట్" వాడవలసిన పేరయింది, రెండోది కాలం చెల్లిన జాబితాలో పడింది. పదహారేళ్లు తిట్లు తిన్న పేరే నిలిచింది.

లబ్బీపేట_జావా | 8.58

చూశారా! అన్నేళ్లూ ఆ హెచ్చరికను ఆపేసిన నేనే సరైనవాడినని సాక్షాత్తూ ప్రమాణాల వాళ్లే ఒప్పుకున్నారు.

పటమట_పాతకాపు | 9.20

ఒక సాక్షి ఒక విషయంలో పొరబడితే ఇక కోర్టుకే తాళం వేస్తారా? మీ వాదన అలా ఉంది.

బందరురోడ్డు_బాటసారి | 9.41

లాగ్ ఫైలును రోజుకోసారి మార్చి, వారం దాటినవి చెరిపేస్తే సరిపోతుంది కదా. ఇంత గొడవ ఎందుకు?



మిర్చిఘాటు | మధ్యాహ్నం 1.15

లబ్బీపేట గారు ప్రైవేటు సందేశంలో ఒక పూర్తి ముక్క పంపారు, ఐదు వరుసలు. ఆయన అనుమతితో ఇక్కడ చెబుతున్నాను. మొదటిది లాగర్ ఆఫ్. రెండోది కామన్స్ లాగింగ్‌ను (ఈ లైబ్రరీ లాగ్ రాయడానికి వాడే ఇంకో లైబ్రరీని) ఏమీ రాయని "నోఆప్‌లాగ్" వైపు తిప్పడం. మూడోది సీఎస్ఎస్‌ను పూర్తిగా ఆపడం. నాలుగు, ఐదు వరుసలు: స్క్రిప్టులో తప్పు వచ్చినా ఎక్సెప్షన్ (తప్పు జరిగిందని పని ఆపే సంకేతం) వద్దు, సర్వరు విఫలమైన స్థితి కోడు పంపినా ఎక్సెప్షన్ వద్దు. అన్నీ పెట్టవచ్చా?

పటమట_పాతకాపు | 1.22

ఆ చివరి వరుసను తాకకండి. దయచేసి.

ఇది నా నెత్తిన పడిన సంగతి కాబట్టి చెబుతున్నాను. నాలుగేళ్ల కిందట విజయవాడలో నేను చేరిన ఒక చిన్న సంస్థలో అచ్చంగా ఇలాంటి ధరల ప్రోగ్రామే ఉండేది. రాసినతను మానేసి వెళ్లిపోయాడు. నాకు అప్పగించినది ఒక పాస్‌వర్డు, ఒక "బాగానే నడుస్తుంది". అందులో ఈ ఐదు వరుసలూ ఉన్నాయి, ఇదే వరుసక్రమంలో. మే నెలలో యార్డుకు వేసవి సెలవులు. ధర మారదు, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఆ సెలవుల్లోనే సైటు పాడై 500 (సర్వరు లోపం) కోడుతో తప్పు పేజీ ఇవ్వడం మొదలుపెట్టింది. మామూలుగా అయితే లైబ్రరీ అక్కడే ఎక్సెప్షన్ విసిరి ఆగేది. ఐదో వరుస దాన్ని మింగేసింది. తప్పు పేజీని మంచి పేజీలాగే తెచ్చి ఇచ్చింది. అందులో ధర దొరకలేదు. ధర దొరకకపోతే పాతదే పంపమని ఆ మహానుభావుడు రాసిపెట్టాడు. జూన్‌లో యార్డు తెరిచాక కూడా తొమ్మిది రోజులు మే నెల ధరే వెళ్లింది. ఒక వ్యాపారి కోల్డ్ స్టోరేజీలో ఉన్న సరుకును ఆ ధర నమ్మి బేరం చేసుకున్నాడు. ఆఫీసుకు వచ్చి అందరి ముందూ అడిగింది నన్ను. ఆ ఏడాది నా జీతం పెరగలేదు.

లబ్బీపేట_జావా | 1.40

విని బాధపడ్డాను. కాని ఇందులో లాగ్ హెచ్చరికల పాత్ర ఎక్కడ? మీరు చెప్పినది ఎక్సెప్షన్ సంగతి, పాత ధర పంపే తెలివితక్కువతనం సంగతి. నిన్న రాత్రి నుంచి హెచ్చరికలు ఆపకూడదని వాదించి, ఇప్పుడు వేరే కేసు తెచ్చి ఇదిగో రుజువు అంటున్నారు. నాలుగేళ్ల కిందటి ఆఫీసు పగ నా మీద తీర్చుకోకండి.

పటమట_పాతకాపు | 1.52

పగ కాదు. ఆ ఐదు వరుసలూ ఎప్పుడూ కలిసే తిరుగుతాయి. ఒకరి దగ్గర ఒకరు కాపీ చేసుకుంటారు. ఏ వరుస గోలను ఆపుతుందో, ఏది తప్పును దాస్తుందో ఎవరూ విడదీసి చూడరు. మీరు ఈ రోజు మిర్చిఘాటు గారికి పంపినది కూడా అదే ముక్క. మొదటి మూడు వరుసలే పంపితే నేను ఇంత గట్టిగా అడ్డుపడేవాడినా? చదివి పంపారా?

లబ్బీపేట_జావా | 2.05

చదవకుండా పంపడానికి నేనేమైనా నిన్న పుట్టానా? అవి కావాలనే పెట్టాను. కారణం చెబుతాను, వినే ఓపిక ఉంటే.

నేను ఎవరి ఆఫీసులోనూ పనిచేయను. లబ్బీపేటలో ఒక గది, ఒక కంప్యూటరు. ప్రోగ్రాము రాసి అప్పగిస్తేనే మిగతా సగం డబ్బు. రెండేళ్ల కిందట ఒక షాపు యజమాని పక్కన కూర్చుని నడిపి చూపిస్తుంటే తెర నిండా ఎర్ర అక్షరాలు. జావా ఆ హెచ్చరికలను తప్పుల దారిలోనే పంపుతుంది కదా, ఎడిటరు వాటిని ఎర్రగా చూపిస్తుంది. ఫలితం సరిగ్గానే వచ్చింది. "ఇన్ని తప్పులున్న దానికి డబ్బు ఎలా ఇవ్వమంటారు?" అన్నాడాయన. అవి తప్పులు కావని గంటసేపు చెప్పాను. మూడు నెలలు తిప్పించుకుని సగంలో సగం ఇచ్చాడు. ఆ రోజు నుంచి నా ప్రోగ్రాము ఎర్రగా ఏమీ చూపించదు, ఎక్కడా ఆగదు. మీకు నెల జీతం ఉంది, లాగ్ చదువుతూ కూర్చోగలరు.

పటమట_పాతకాపు | 2.20

ఇదే నిన్న రాత్రి చెప్పి ఉంటే సగం గొడవ తప్పేది.

అయినా నా మాట అదే. మీరు డబ్బు తీసుకుని వెళ్లిపోతారు. తరువాత సైటు మారిన రోజు ఫోను ఎత్తేది నాలాంటివాడు. మీకు కనబడకూడనిదే నాకు కనబడాలి. చూపించే రోజున తెరమీద దాచండి, ఎవరు వద్దన్నారు? ఫైలులోకి వెళ్లనివ్వండి.

లబ్బీపేట_జావా | 2.31

ఫైలులో పెడితే డిస్కు నిండుతుంది. తిరిగి మొదటికే వచ్చాం.

బందరురోడ్డు_బాటసారి | 2.33

వారం దాటినవి చెరిపేయమని ఉదయమే చెప్పాను.

కొరిటెపాడు_కుర్రాడు | 2.50

శంకర్ విలాస్ సెంటరులో కలుసుకుని కాఫీ తాగుతూ కొట్లాడుకోండి, మాకు చూడటానికి బాగుంటుంది.

లబ్బీపేట_జావా | 3.10

కాఫీకి నేను సిద్ధం. ఐదో వరుస మాత్రం మిర్చిఘాటు గారు తీసేయవచ్చు, ఆయన ప్రోగ్రాముకు ఆయనే యజమాని. నా ప్రోగ్రాముల్లో ఉంటుంది.

పటమట_పాతకాపు | 3.12

ఉంచుకోండి. వాటిలో ఒకటి నాకు అప్పగింతకు రాకుండా ఉంటే చాలు.

మిర్చిఘాటు | బుధవారం ఉదయం 8.05

ఏం చేశానో చెబుతాను. సీఎస్ఎస్‌కు సైలెంట్ హ్యాండ్లర్ పెట్టాను. కంటెంట్ రకానికి సొంత లిజనర్ రాశాను, పది కాదు పద్నాలుగు వరుసలు అయ్యాయి. లాగర్‌ను ఆఫ్ చేయకుండా అలాగే వదిలేశాను. నాలుగు, ఐదు వరుసలు పెట్టలేదు. బాటసారి గారు చెప్పినట్టు వారం దాటిన ఫైళ్లు చెరిపేస్తున్నాను. నిన్న సాయంత్రం నుంచి లాగ్‌లో పడినవి మొత్తం ఆరు వరుసలు, ఆరూ చదివాను. ఒకటి నా తప్పే.

పాతకాపు గారి కథ విన్నాక ఇంకొకటి కూడా కలిపాను. పేజీలో ఉన్న తేదీ ఈ రోజుది కాకపోతే ధర పంపకుండా "ఈ రోజు ధర రాలేదు" అని పంపుతుంది. ఈ ఉదయం ఆరున్నరకు మామయ్యకు మొదటి సందేశం వెళ్లింది. పావుగంటకోసారి కాబట్టి ఏడింటికి మూడు వెళ్లాయి. ఆయన ఫోను చేసి, "ఈ రోజు యార్డుకు సెలవని మీ యంత్రానికి తెలియదా అల్లుడూ?" అన్నారు.

లబ్బీపేట_జావా | 8.11

ఇక ఆ హెచ్చరికను ఆపడం ఎలాగో అడుగుతారు. పాతకాపు గారు చెబుతారు.

ఏలూరుకాలువ | 8.40

లాగర్‌ను ఆఫ్ చేయలేదు కాబట్టి మీకు అవసరం లేదు. కాని లబ్బీపేట గారు ఇంతవరకు జవాబు చెప్పలేదు: కింది లాగర్లు పుట్టకముందే గార్బేజ్ కలెక్టరు వస్తే?